కనబడకుండా పోయిన మచ్చ

ముందుగా ఒక మాట. స్కాన్ ఫిల్ములకు లామినేషన్ చేయించకండి. ఇరవై రెండేళ్లుగా డోన్ స్టేషన్ రోడ్డులో జిరాక్స్, లామినేషన్ షాపు నడుపుతున్నవాడు చెబుతున్నాడు కాబట్టి నమ్మండి. మిగతాది చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుని కాగితం పక్కన పడేసినా నాకు కోపం రాదు. కోపం నాకు తొందరగా వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు గనుక ఈ హామీ ఇస్తున్నాను.

ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. పక్కటెముకల కింద అడ్డంగా పెద్ద కోత ఉంది. దగ్గు వస్తే దిండు గట్టిగా అదుముకోవాలి. పొద్దున పూట మూడు గంటలు షాపులో కూర్చుంటున్నాను. అన్నం సహిస్తోంది. రాస్తే మనసు కుదుటపడుతుందని మా ఆవిడ సుగుణ నోట్‌బుక్ ఒకటి చేతికిచ్చింది. తీరా చూస్తే అది మా షాపులో అమ్మకానికి పెట్టిందే.

మార్చి

అంతకుముందు ఏడాది కర్నూలులో నా పెద్దపేగులో గడ్డ తీసేశారు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి పొట్ట స్కాన్ తీయించుకోమన్నారు. మార్చిలో మేం కడపలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఎలాగూ ఊరికే ఉన్నాం కదా అని అక్కడే తీయించుకుందామనుకున్నాం.

సీటీ స్కాన్ అంటే నొప్పేం లేదు. కాకపోతే మధ్యలో చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అది ఎక్కగానే గొంతులో మొదలైన వేడి ఒళ్లంతా పాకి, కిందికి దిగి, బట్టలు తడిపేసుకున్నానేమో అనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. లేచి చూసుకుంటే పొడిగానే ఉంది. అక్కడి మిషన్ అబ్బాయితో గొడవకు దిగాను.

"ముందే చెప్పల్ల గదప్పా!"

"చెప్పినా అన్నా, వేడిగా ఉంటాది, భయపడొద్దని. నువ్వే, నాకన్నీ తెలుసు, కానియ్యి అన్నావు."

అన్నాను. నిజమే.

బయట బెంచీ మీద సుగుణ పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంది. పక్కన బురఖా వేసుకున్న పెద్దావిడ ఒకామె బత్తాయి ఒలిచి ఆమె చేతిలో పెట్టిందట. "తిను బేటీ. నువ్వు పస్తుంటే లోపల ఆయప్పకేం నయమైతాదా?" అందట. ఆమె పేరు మేం అడగలేదు. ఆమె ఎవరి కోసం వచ్చిందో కూడా అడగలేదు. అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కాలేయంలో రెండు మచ్చలున్నాయి. ఒకటి నిమ్మకాయంత, ఇంకొకటి శనగగింజంత. రెండూ కుడివైపే. పేగులోంచి పోయిన జబ్బు కాలేయంలో దిగిందన్నమాట. కడపలో బస్సెక్కి డోన్‌కు వచ్చేశాం.

కర్నూలులో కీమో డాక్టరు ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూశారు. నాలుగు నెలలు మందు ఎక్కిద్దాం, అవి చిన్నవైతే అప్పుడు ఆపరేషన్ అన్నారు. కవరు నా చేతికిస్తూ "ఇవి భద్రంగా దాచుకోండి, తర్వాత కావాలి" అన్నారు.

భద్రంగా అంటే నాకు తెలిసింది ఒకటే. మా ఇంట్లో భద్రంగా ఉండాల్సిన ప్రతిదానికీ లామినేషన్ ఉంటుంది. మా అమ్మాయి బాప్తిస్మం సర్టిఫికెట్టు, పదో తరగతి మార్కుల మెమో, మా నాన్న ఫొటో, చివరికి కరెంటు మీటరు మార్చినప్పుడు ఇచ్చిన కాగితం కూడా. మర్నాడు షాపు తెరవగానే మిషన్ వేడెక్కనిచ్చి ఆ నాలుగు ఫిల్ములూ పెద్ద కవర్లలో పెట్టి ఒకదాని వెనుక ఒకటి వదిలాను. నా పద్ధతే అంత. ముందు వైపు నుంచి పెడుతూ పోతాను, వెనక్కి వెళ్లి అన్నీ కలిపి తీసుకుంటాను. వెనక్కి వెళ్లి చూస్తే నాలుగూ బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఏ బొమ్మా లేదు.

గ్యాస్ బిల్లు, ఏటీఎం చీటీ లాంటివి వేడికి నల్లబడతాయని రోజుకు పదిమందికి చెప్పేవాణ్ని నేను. ఈ ఫిల్ములు కూడా అదే జాతివని నాకు తట్టలేదు. పాతకాలపు ఎక్స్‌రేల్లాంటివే అనుకున్నాను. ఎవరికైనా చెబితే నా వృత్తికే మచ్చ అనిపించింది. రిపోర్టు కాగితం ఉంది కదా, చాలు అని నాకు నేను సర్దిచెప్పుకుని, నాలుగింటినీ షాపులో బీరువా వెనుక దూర్చేశాను. సుగుణకు చెప్పలేదు.

ఫిల్ములతోపాటు ఒక సీడీ కూడా ఇచ్చారు. సీడీలు ఇప్పుడెవరు చూస్తున్నారు? మా షాపు కంప్యూటర్‌లో ఆ డ్రైవు పాడైపోయి ఏళ్లయింది. అంతకుముందే మా బామ్మర్ది ప్రసాదు వచ్చి, చేనులో పిట్టలు బెదరడానికి పాత సీడీలు కావాలని అడిగాడు. వాడికి ఇచ్చిన కట్టలో ఇదీ కలిపేశాను. ఫిల్ములు బొగ్గయిన సంగతి తెలియకముందు కలిపి ఉంటే నన్ను నేను క్షమించుకునేవాణ్ని. తెలిశాకే కలిపాను. ఆ స్కాన్ పేరు చెప్పే వస్తువేదీ కళ్లముందు ఉండకూడదనిపించింది.

ఏప్రిల్ నుంచి జూలై

కీమో గురించి ఎక్కువ రాయను. ఆ మందు పడితే చల్లటిది ముట్టుకోలేం. కుండలో నీళ్లు తాగితే గొంతులో సూదులు గుచ్చినట్టుంటుంది. ఇనుప షట్టరు పొద్దున్నే పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. మే నెలలో డోన్ ఎండలో మరగకాచిన నీళ్లు ఊదుకుంటూ తాగిన మనిషిని నేనొక్కణ్నే అయివుంటాను. చిరాకంతా సుగుణ మీద చూపించాను. కూరలో ఉప్పు తక్కువని ఒకరోజు, ఎక్కువని ఒకరోజు. ఆమె ఒకసారి మాత్రం గిన్నె నా ముందు పెట్టి, "నోరు నీది చెడింది, ఉప్పు చెడలే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆగస్టు

నాలుగు నెలలయ్యాక కర్నూలులో మళ్లీ స్కాన్ తీశారు. నిమ్మకాయంత ఉన్నది ఉసిరికాయంత అయింది. శనగగింజ కనబడలేదు. కీమో డాక్టరే నవ్వుతూ "రెండోది కనపడటం లేదు" అన్నారు. నేను అక్కడే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాను. మా చర్చిలో దేవుడు మేలు చేస్తే లేచి అందరి ముందు చెప్పడం ఆనవాయితీ. రెండు ఉండినాయి, ఒకటి దేవుడు తీసేశాడు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సుగుణ కూడా. ఆ మాటల్లో నటన లేదు.

ఆ వారంలోనే ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. కాలేయం ఆపరేషన్లు చేసే ఆవిడ. నెమ్మదిగా మాట్లాడుతుంది. ముందు ఎమ్మారై తీయించింది. అది సొరంగంలాంటి మిషను. చెవుల్లో దూది పెట్టినా లోపల డప్పులు మోగినట్టే ఉంటుంది. "ఊపిరి పట్టుకోండి" అంటారు, వదలమనడం మరిచిపోయారేమో అనుకునేంతసేపు ఆగుతారు. కాలేయంలోకి ఇంకే మందు ఒకటిచ్చి, అది బాగా పట్టేదాకా మళ్లీ అక్కడే పడుకోబెట్టారు. చిన్న మచ్చలు పట్టుకోవడానికి సీటీకన్నా ఇది నయమట. దానిలోనూ శనగగింజ జాడ లేదు. నేను సంతోషపడ్డాను. ఆవిడ పడలేదు.

"కీమోకు ముందు తీసిన ఫిల్ములేవి?" అంది.

"ఆ చిన్నది పోయింది కదా మేడమ్, ఇంకెందుకు?"

"కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు దేవదానంగారూ. మందుకు చిన్నవి ముడుచుకుపోతాయి, స్కాన్‌కు అందవు. అయినా ఆడ మిగిలి ఉండొచ్చు. పెద్దది మాత్రం తీసి వదిలేస్తే కొన్నాళ్లకు అది మళ్లా లేస్తాది. ముందు అది యాడ ఉండిందో తెలిస్తే, పొట్ట తెరిచినప్పుడు సరిగ్గా ఆ తావులో వెతుకుతా."

"రిపోర్టులో ఉంది కదా మేడమ్, కుడివైపు అని."

"డోన్‌లో మీ ఇల్లెక్కడ అంటే స్టేషన్‌కు అవతల అని చెప్తే నేను రాగలనా? వీధి కావాలి, ఇల్లు కావాలి."

"ఇంట్లో ఉన్నాయి మేడమ్, తెస్తాను" అన్నాను. నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించాను. ఫిల్ములు పోయాయని చెప్పి ఊరుకోవచ్చు. పెద్దది తీస్తారు, చిన్నది దేవుడు తీసేశాడని ఇప్పటికే చర్చి మొత్తానికి చెప్పాను. వెతకడమంటే నా సాక్ష్యాన్ని నేనే అనుమానించడం. ఇలా ఎంత బాగా సర్దిచెప్పుకున్నా అడుగున ఉన్నది భయమే. సుగుణ ముందు వెర్రివాడిలా నిలబడాలన్న భయం. అది కాలేయంలో మచ్చ కన్నా పెద్దదిగా అనిపించిందంటే నమ్ముతారా?

మూడో రోజు పొద్దున ఆమె చాటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆమె ఏరడం ఆపలేదు.

"ఎప్పుడు చేసినావు?"

"మార్చిలో."

"ఊరందరికీ చెప్తావే, గ్యాస్ బిల్లుకు చెయ్యొద్దు, నల్లగైతాది అని. నీకెవురు చెప్పల్ల?"

ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"కడపకు ఫోన్ చేసినావా?"

చేశాను. నిండిపోతే పాతవి కంప్యూటర్‌లోంచి తీసేస్తారట. మావి తీసేశారు.

"సీడీ ఒకటి ఇచ్చినారే. అది యాడుండాది?"

"ప్రసాదుకిచ్చినా. పిట్టలకు."

ఆమె చాట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. లేచి, చెప్పులు వేసుకుని, వాకిట్లో నిలబడి, "పద" అంది.

ప్రసాదు చేను పత్తికొండ దగ్గర. సజ్జ కంకి పాలు పోసుకుని ఉంది. చేను చుట్టూ కర్రలు పాతి, దారాలు లాగి సీడీలు కట్టాడు. గాలికి తిరుగుతూ మెరుస్తున్నాయి. విషయం చెప్పేసరికి ప్రసాదు నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

"బావా, పనికిరానివని నువ్వే కదా ఇచ్చినావు! నేను పదైదు దినాల కిందటే కట్టినా. అంతకుముందు కొట్టంలో ఉండె. ఇంకా చెడిపోయుండదులే."

"వీటిల్లో మనది యాది?" అంది సుగుణ.

"పేరు రాసుండ్యా?"

మార్కరుతో రాసి ఉండింది. ఎండకూ వానకూ ఏ సీడీ మీదా అక్షరం మిగల్లేదు. మొత్తం తొమ్మిది. ముగ్గురం తలా మూడు విప్పాం. సుగుణ ప్రతిదాన్నీ కొంగుతో తుడిచి, ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో గుడ్డపీలికలు పెట్టింది. చేను వదిలి వస్తుంటే వెనక అప్పుడే పిట్టలు వాలుతున్నాయి. ప్రసాదు వెనక్కి తిరిగి చూసి, "తిననీ" అన్నాడు.

కర్నూలులో డాక్టరమ్మకు నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. ఒక్క క్షణం పెదవి బిగబట్టి, స్కాన్ డాక్టరును పిలిచింది. సన్నటి కుర్రాయన. ఆస్పత్రి మొత్తానికి సీడీ పట్టే కంప్యూటర్ ఆయన గదిలో ఒక్కటే ఉంది. మొదటిది పెడితే సినిమా పాట మోగింది. రెండోది తిరగనే లేదు. మూడోది ఎవరిదో పెళ్లి. పెళ్లికూతురు తలంబ్రాలు పోస్తోంది. స్కాన్ డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. సుగుణ నవ్వలేదు, కళ్లార్పకుండా చూస్తోంది. ఆరోది కరకరమని చాలాసేపు తిరిగి, నా పేరు చూపించింది.

సగమే తెరుచుకుంది. బొమ్మలు ఒక్కొక్కటే పైనుంచి కిందికి పోతున్నాయి. ఊపిరితిత్తుల కొస, తర్వాత కాలేయం పైభాగం, కొంచెం కొంచెంగా పెద్దదవుతూ. ఒక చోట ఆయన వేలు ఆగింది.

"ఇదిగో మేడమ్. మొదలైంది."

బూడిదరంగు మధ్యలో కొంచెం నల్లగా ఒక చుక్క. ఐదు నెలలుగా నేను దాస్తున్నది అదే. తర్వాతి బొమ్మలో ఇంకాస్త స్పష్టంగా ఉంది. దాని తర్వాతిది తెరుచుకోలేదు. అంతటితో కంప్యూటర్ ఆగిపోయింది. ఆయన అప్పటికే ఫోన్‌తో తెరను రెండు ఫొటోలు తీసుకున్నాడు.

"వీధి దొరికింది" అంది డాక్టరమ్మ. "ఇల్లు నేను వెతుక్కుంటా."

సెప్టెంబరు

ఆపరేషన్‌కు ముందు ఆదివారం చర్చిలో మళ్లీ లేచాను. ఈసారి చెప్పడం కష్టమైంది. "పోయిందని చెప్పినా. పోయిందో లేదో నాకు తెలీదు. ఉంటే డాక్టరమ్మకు కనపడల్లని ప్రార్థన చేయండి" అన్నాను. ముందు బెంచీలోని పెద్దాయన ఒకరు పక్కకు తిరిగి, "ఇదేం ప్రార్థనప్పా, రోగం కనపడల్లని!" అన్నాడు, గుసగుస అనుకుని, అందరికీ వినబడేలా. అయినా అందరికంటే ముందు మోకాళ్లూనింది ఆయనే.

ఆపరేషన్ ఎలా చేస్తారో డాక్టరమ్మ ముందురోజు చెప్పింది. గర్భిణులకు పొట్ట మీద పెట్టి చూస్తారే, ఆ అల్ట్రాసౌండ్ లాంటిదే చిన్నది, సబ్బుబిళ్లలో సగం ఉంటుంది. పొట్ట తెరిచాక దాన్ని నేరుగా కాలేయం మీదే ఆనిస్తారు. మధ్యలో చర్మం, కొవ్వు, ఎముక ఏదీ అడ్డం ఉండదు గనుక బయటి నుంచి దొరకనిది ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది. మచ్చ పచ్చగా మెరిసేట్టు చూపించే కెమెరాలు పెద్ద ఊళ్లలో ఉన్నాయట. "మాకు అది లేదు. ఇదీ, నా వేళ్లూ ఉన్నాయి" అంది. దాచకుండా చెప్పినందుకు నాకు ఆవిడ మీద నమ్మకం పెరిగింది.

"అప్పటికీ కనపడకపోతే?" అని సుగుణ అడిగింది.

"ఆ తావు గుర్తుంచుకుని, మూడు నెలలకోసారి చూస్తా ఉంటామమ్మా."

ఆపరేషన్ గది దాకా సుగుణ స్ట్రెచర్ పట్టుకుని నడిచింది. తలుపు దగ్గర నా ఉంగరం తీసి తన వేలికి పెట్టుకుంది. అది ఆమెకు వదులు. జారిపోకుండా పిడికిలి బిగించింది. ఆ పిడికిలి చూస్తూనే లోపలికి వెళ్లాను. భయం లేదని చెప్పను. చాలా భయం వేసింది.

మిగతాది వాళ్లు చెప్పగా విన్నదే. పెద్దది తీయడానికి ఇబ్బంది కాలేదు. చిన్నదాని చోట డాక్టరమ్మ వేళ్లతో తడిమితే ఏమీ తగల్లేదట. ఆ చిన్న యంత్రాన్ని ఆనించి, తిప్పి, మళ్లీ మళ్లీ చూశారట. స్కాన్ డాక్టరు ఫోన్‌లోని ఫొటో పట్టుకుని పక్కనే నిలబడ్డాడట. చాలాసేపటికి రెండు రక్తనాళాలు చీలే చోట, లోతుగా, గోధుమగింజంత నీడ ఒకటి కనబడింది. చుట్టూ కొంచెం మంచి భాగంతో సహా కోసి తీశారు. ఇంకెక్కడా లేదని కాలేయమంతా ఆనించి చూసుకున్నాకే కుట్లు వేశారు.

తెలివి రాగానే నేను అడిగింది ఒకటే. గొంతులోంచి మాట రాలేదు. అయినా డాక్టరమ్మకు అర్థమైంది.

"దొరికింది" అంది.

అక్టోబరు

తీసిన రెండు ముక్కలూ పరీక్షకు పంపారు. వాటిలో జబ్బు ఇంకా బతికుందో లేదో తేలడానికి రెండు వారాలు. ఆ రెండు వారాల్లో నాలో ఒక పాత ఆశ మళ్లీ తలెత్తింది. చిన్నదాంట్లో ఏమీ ఉండదు, అది ఉత్త మచ్చ, మందుకు చచ్చిపోయి మిగిలిన గుర్తు. అలా అయితే నేను దాచినదానికి పెద్ద దోషమేం ఉండదు కదా. మనిషి ఇంత చేశాక కూడా తన పరువు కోసం ఎలా వెతుక్కుంటాడో చూడండి.

రిపోర్టు రోజున డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చదివింది.

"పెద్దదాంట్లో శానావరకు చచ్చిపోయిందే ఉంది. మందు బాగా పనిచేసింది. చిన్నదాంట్లో మాత్రం జబ్బు బతికే ఉంది. అంచుల్లో ఏమీ మిగల్లేదు, పూర్తిగా వచ్చేసింది. వదిలేసుంటే అదే మళ్లా పెరిగుండేది."

అని కాగితం మడిచి ఇచ్చింది. ఇంకా కొన్నాళ్లు మందులు, మూడు నెలలకోసారి స్కాను. అవన్నీ చెబుతుంటే నాకు సగం వినబడలేదు.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. చుట్టూ జనం, టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. సుగుణ సంచిలోంచి డబ్బా తీసి మూత విప్పింది. జొన్నరొట్టె, గోంగూర.

"నేను చెప్పకపోయింటే, సుగుణా..." అన్నాను. అంతమంది మధ్యలో, యాభై నాలుగేళ్ల మనిషిని, వెక్కి వెక్కి ఏడ్చాను. చచ్చిపోయేవాణ్నని కాదు. నా నోరు మూసుకుని నేనే ఈమెను ఒంటరిదాన్ని చేసి పోయేవాణ్ని, దానికి.

ఆమె నన్ను ఏడవనిచ్చింది. ఊరుకో అనలేదు. కాసేపయ్యాక రొట్టె తుంచి, గోంగూర అద్ది నా చేతిలో పెట్టింది.

"చెప్పినావు కదా," అంది. "తిను."

తిన్నాను.